సాలమ్మ పగలు చెప్పని కథ

"ఈ కథ మీ నాయనమ్మది కాదమ్మా, ఏదో పుస్తకంలోది," అన్నారు ఉమాపతిగారు. తొంభై నాలుగు మార్చిలో, నాయనమ్మ కథల మీద నిరోష రాసిన ఎం.ఫిల్. థీసిస్ వైవాకు వేరే యూనివర్సిటీ నుంచి పరీక్షకుడిగా వచ్చారాయన. "పగలు నరికిన చెట్టు తెల్లారేసరికి మళ్లీ నిలబడటం ఆఫ్రికాలో ఉంది, పసిఫిక్ దీవుల్లో ఉంది. ఇది ఇక్కడిదనడానికి గుర్తేది?"

నిరోష గైడును నేను. కాపీ అని ఆయన రాస్తే ఆ పిల్ల రెండేళ్ల కష్టం పోయినట్టే. గంట గడువు అడిగి స్కూటరు తీశాను.

నిరోష నాయనమ్మ సాలమ్మ తార్నాకలో ఒకరింట్లో అంట్లు తోముతోంది. విషయం చెప్పి వెనక కూర్చోబెట్టుకున్నాను. మా ఆవిడ పోయిన మూడేళ్లలో ఆ సీటు మీద ఎవరూ కూర్చోలేదు. సాలమ్మ భయంతో నా భుజం గట్టిగా పట్టుకుంది.

డిపార్ట్‌మెంట్‌లో ఉమాపతిగారు తన మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపి, కథ చెప్పమన్నారు.

"పగటీలి చెప్ప సారూ. తొవ్వల ఉన్నోళ్లు దారి తప్పుతరు. నా కొడుకు ఎంకన్న లారీ మీద ఉన్నడు."

"నాయనమ్మా, నా చదువు పోతది," అంది నిరోష.

"సదువు మల్ల సదువుకోవచ్చు. వాడు నీకు నాయిన గాదే?"

గడువు ఇంకా పది నిమిషాలే ఉంది. ఆమెను బలవంతపెట్టడానికి నాకు నోరు రాలేదు. "కథ వద్దు సాలమ్మా. నరికిన చెట్టు మళ్లీ ఎట్లా లేచింది? అదొక్కటి చెప్పు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "నరికినోడు చెక్కపేళ్లు గాడనే ఇడిసిపెట్టి పోయిండు గద. అవే మల్ల అతుక్కున్నయి. రోజూ గిదే లొల్లి. ఆకర్కి వాని పెండ్లాం పోయి పేళ్లన్నీ ఏరుకొచ్చి పొయ్యిల వెట్టింది. బూడిద యాడ అతుకుతది? మొగోనికి గంత తెలివి యాడిది సారూ?" అని, చప్పున నాలుక కరుచుకుంది.

"ఇది కథ కాదులే, జవాబు," అన్నాను.

ఉమాపతిగారు నవ్వుతూ థీసిస్ పేజీలు తిప్పి, ఆగారు. "ఇందులో పెళ్లామే లేదేం?"

నిరోష తల వంచుకుంది. "తీసేసిన సార్. నాయనమ్మ క్యాంపస్‌ల కట్టెలేరేది. నేను మోసేదాన్ని. హాస్టలోళ్లు చూసేటోళ్లు. అది రాస్తుంటే నన్నే రాసుకున్నట్టు అనిపించింది."

"ఏరుకుంటె ఏందే? దొంగతనం చేసినమా?" అంది సాలమ్మ.

ఉమాపతిగారు పెన్ను మూత పెట్టారు. "నేనడిగిన గుర్తు ఇదే. నా రైలు ఆరింటికి. ఆ పేజీ ఆమె మాటల్లోనే మళ్లీ రాసుకురా. చూశాకే సంతకం."

నిరోష తెల్లకాగితం ముందు పెట్టుకుంది. తలెత్తకుండానే అడిగింది: "నాయనమ్మా, పెండ్లాం పేళ్లు గంపల ఏరిందా, కొంగులనా?"

"గంప యాడిదే వాళ్లకు? కొంగులనే."

రాయడం మొదలుపెట్టింది.