తిట్టుకు ముందు

మా సీనియర్‌కు నేనంటే ఒళ్లు మంట. యానిమేషన్ నేర్చుకుందామని స్టూడియోలో చేరిన రోజు నుంచీ నా బొమ్మ నడిస్తే తప్పు, కూర్చుంటే తప్పు. నేను గీసిన మనిషి నీళ్ల బకెట్ ఎత్తగానే, సీనియర్ అందరి ముందూ నన్ను కడిగేశాడు.

“అందులో ఉన్నది నీళ్లా, గాలా? ఎగిరేవాడు ముందు వంగుతాడు తల్లీ. ఏ పనికైనా ముందు ఒళ్లు కదులుతుంది. కళ్లు నెత్తికెక్కాయా, మనుషుల్ని చూడవా?”

చూడమన్నాడు కదా, ఆయన్నే చూశాను. తిట్టే ముందు గడ్డం లోపలికి లాక్కుంటాడు, ఎడమ భుజం పైకి లేస్తుంది, ఆ తర్వాతే నోరు తెరుచుకుంటుంది. వారమంతా పళ్లు నూరుకుంటూ అదే గీశాను. బొమ్మకు మాత్రం గుండూ, మీసాలూ పెట్టి వేరే మొహం తగిలించాను.

సోమవారం పెద్ద తెర మీద వేశాను. బొమ్మ గడ్డం లోపలికి లాక్కుందో లేదో, వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత గదంతా నవ్వింది.

సీనియర్ నా వైపు తిరిగాడు. గడ్డం లోపలికి వెళ్లింది, ఎడమ భుజం లేచింది. అందరూ ఆ భుజాన్నే చూస్తున్నారు. నోరు మాత్రం తెరుచుకోలేదు.

“ఇప్పుడు మనిషిలా కదులుతోందా సార్?” అని అడిగాను.

లేచిన భుజాన్ని ఎలా దించుకోవాలో ఆయనకు తెలియలేదు.