రెండో ఓడ ఉత్తరం

గవర్నర్ ఇంగ్లండు ప్రభుత్వానికి రాసే ప్రతి ఉత్తరమూ రెండుసార్లు వెళ్లేది. ఆఫ్రికాలోని మా బంగారు తీరంలో రేవు లేదు. ఓడ దూరాన ఆగితే, ఉత్తరాల సంచి అలల మీద పడవలో వెళ్లాలి. పడవ బోల్తా పడితే ఉత్తరం సముద్రం పాలు. అందుకని అదే ఉత్తరం ఇంకో ప్రతి, పదిహేను రోజుల తర్వాత వచ్చే రెండో ఓడకు. ఆ రెండోదాన్ని ఇక్కడ ఎవరూ మళ్లీ చూడరు. అక్కడ మాత్రం రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూస్తారని గుమాస్తా ఫిన్ చెప్పేవాడు.

కోటలో సంచి కట్టి లక్క వేసేవాణ్ని నేను. ఇరవై రెండేళ్లుగా అదే పని. మిషన్ బడిలో మూడేళ్లు చదివాను. కోటలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

సైన్యం మూటలు మోయడానికి తమను బలవంతంగా పట్టుకుపోతున్నారని ఆ ఏడాది పడవవాళ్లు కోట గుమ్మం ముందు నిలబడ్డారు. గవర్నర్ థార్న్‌బీ కాల్పించాడు. ఆరుగురు పోయారు. అందులో ఫీఫీ ఒకడు. నా చెల్లెలి కొడుకు. మా వాళ్లలో మామ పేరూ, ఇంటి పెద్ద కూర్చునే పీటా మేనల్లుడికే దక్కుతాయి. నాకు వాడొక్కడే.

ఎనిమిదో రోజు కర్మ అయ్యాక చెల్లెలు ఎకువా నా ముందు కెంకీ, అదే పులిసిన మొక్కజొన్న ముద్ద, పెట్టింది. చేప పెట్టలేదు.

"చేప ఏదమ్మా?"

"నా కొడుకును చంపినవాడి సంచికి లక్క వేసే చేతికి చేప కూడానా అన్నా?"

"చూస్తాను."

"చూడు, చూడు. ఇరవై ఏళ్లుగా చూస్తూనే ఉన్నావుగా!"

ముద్ద వదిలి లేచాను.

కాల్పుల సంగతి రాసిన ఉత్తరంతో మొదటి ఓడ అప్పటికే వెళ్లిపోయింది. రెండో ఓడకు ముందు రోజు ఆ ఉత్తరం చిత్తుప్రతిని బీరువాలో పెట్టమని ఫిన్ నాకిచ్చాడు. గవర్నర్ సొంత దస్తూరి. వేలు పెట్టి చదివాను. 'వాళ్ల చేతుల్లో తెడ్లు తప్ప మరేమీ లేవు' అని రాసుకున్నాడు. దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత. పైన, 'తుపాకులు పట్టుకుని కోట మీదికి వచ్చారు.'

రెండో ఓడకని ఫిన్ శుభ్రంగా రాసిన ప్రతిని బీరువాలో పెట్టాను. చిత్తుప్రతిని సంచిలో పెట్టాను. లక్క వేశాను.

మూడు నెలలకు జవాబు వచ్చింది. రెంటిలో ఏది నిజమో స్వయంగా ఇంగ్లండుకు వచ్చి చెప్పమని గవర్నర్‌కు ఆజ్ఞ. కోటంతా అతని అరుపులే. ఫిన్ బీరువా తెరిచి, అందులో ఏ కాగితం ఉందో చూసి, నా వైపు తిరిగాడు.

"క్వామెనా, నీకు చదువొచ్చా?"

"లక్క కాచడం వచ్చు బాబూ."

"వీడికేం తెలుసు, మొద్దు! ఇది నీ పనే!" అని గవర్నర్ ఫిన్ మీద పడ్డాడు. ఆ రోజే ఫిన్ ఉద్యోగం పోయింది. తుపాకులు అన్న మాటను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది ఫిన్ చెయ్యే. నేను పోయి లక్క కాచుకున్నాను.

గవర్నర్‌ను ఓడకు చేర్చే వంతు ఫీఫీ పడవకే వచ్చింది. చుక్కాని పట్టే ఒటూ నా చెవిలో గొణిగాడు.

"మామా, మూడో అల దగ్గర కాస్త పక్కకు ఒరిగిస్తే చాలు. సముద్రానిదే తప్పు."

"వద్దు. బట్ట తడవకుండా చేర్చండి."

"ముసలాడివై మెత్తబడ్డావా?"

"చచ్చినవాణ్ని ఎవడూ ప్రశ్నలు అడగడురా. వీడు జవాబు చెప్పాలి. అందరి ముందూ, నిలబడి."

ఎకువా ఇసుకలో నడిచి వచ్చింది. చేతిలో ఫీఫీ తెడ్డు. నాకిచ్చింది. నేను నీళ్లలోకి దిగి దాన్ని గవర్నర్ ఒళ్లో పెట్టాను.

"ఏమిటిది?" అన్నాడు.

"తుపాకీ, దొరా" అన్నాను.

ఇంగ్లీషులోనే అన్నాను. నా నోట అతను ఇంగ్లీషు వినడం అదే మొదటిసారి. ఎర్రటి మొహం సున్నంలా తెల్లబడింది. వెనక్కి తిరిగి ఏదో అరవబోయాడు. అప్పటికే పడవ మొదటి అల ఎక్కింది.