చెప్పుల స్టాండు పక్కన వదిలేసిన నొప్పి

కుట్టు మేస్త్రీ రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా కత్తెరకు నూనె రాసి, గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. ఎన్నో ఏళ్లుగా అదే వరస. ఈమధ్య ఆ గీత దగ్గరే చిక్కొచ్చి పడింది. బల్ల మీదకు వంగితే నడుము పట్టేసేది. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి. ఒళ్లు కదిలించకపోతే కొట్టు మూసుకోవాల్సిందేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

కొట్టు మూస్తే మేస్త్రీకి ఇంకేమీ లేదు. పెళ్లి మాట వాయిదా వేస్తూ వేస్తూ మరిచిపోయిన మనిషి. అందుకని చెల్లెలు వెంటబడి కసరత్తు హాల్లో చేర్పించింది.

"కూర్చుని లేవండి," అన్నాడు కోచ్.

"కూర్చోవడం నాకు కొత్త కాదు నాయనా, లేవడమే," అన్నాడు మేస్త్రీ.

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మీటరమ్మ. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం ఆమెది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. మేడ మెట్లెక్కలేక ఆమె కూడా అక్కడ చేరింది.

మర్నాటికి మేస్త్రీ తొడలు రాళ్లయ్యాయి. గోడ పట్టుకుని మంచం దిగాడు. టీ చల్లారిందని చెల్లెలి మీద, దారం తెగిందని మిషను మీద విరుచుకుపడ్డాడు.

"నొప్పి నీ కాళ్లకు, తిట్లు నాకా అన్నయ్యా?" అంటూ చెల్లెలు అతన్ని మూలికల కొట్టుకి లాక్కెళ్లింది.

కొట్టు పెద్దావిడ ఆకుపచ్చ మాత్రలు పొట్లం కట్టింది. "ఇది నొప్పినీ చిరాకునీ కలిపి ఒంట్లోంచి దించుతుంది. అంతేగానీ చంపదు. సాయంత్రం మళ్లీ ఎక్కించుకోవాలి. మన నొప్పి మనం మోస్తేనే కాళ్లకు బలం."

"ఎక్కించుకోకపోతే?"

"ఏమీ అవదు. కాళ్లకూ ఏమీ రాదు."

మాత్ర వేసుకోగానే నొప్పి దిగింది. పేలికల మూటంత ఉంది, వెచ్చగా ఉంది. కుంటుకుంటూ మేస్త్రీ వెనకాలే హాలుకి వచ్చి, చెప్పుల స్టాండు పక్క బల్ల మీద మిగతావాళ్ల నొప్పుల సరసన కూర్చుంది. "మీదాన్ని కాస్త జరగమనండి, మాదానికి చోటు లేదు," అని జనం విసుక్కోవడం అక్కడ మామూలే.

ఆ పూట మేస్త్రీ ఈల వేసుకుంటూ కసరత్తు చేశాడు. వెళ్లేటప్పుడు నొప్పి వైపు చూశాడు. ఈ ఒక్క రాత్రీ హాయిగా పడుకుందామనిపించింది. చూడనట్టు నడిచిపోయాడు. సోమరితనం ఎప్పుడూ ఈ ఒక్క రాత్రే అంటుంది. మర్నాడూ అంతే. కొత్త నొప్పి పుడితే మాత్రతో దించి, బల్ల మీదున్న పాతదానికే కలిపి వదిలేసేవాడు.

అందరి ఒళ్లూ తేలికపడ్డాయి. మేస్త్రీ నడుము ఎక్కడిదక్కడే ఉంది. ఒకనాడు పెళ్లికొడుకు కోటు గుడ్డ కత్తిరించడానికి వంగాడు. అంతే, మొహం గుడ్డ మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే మీటరు చూడటానికి మీటరమ్మ వచ్చింది. ఆమె వెనక రెండు నొప్పులు కుంటుతున్నాయి.

ఆమె చెయ్యిచ్చి లేపింది.

"ఆ లావుపాటిది నాదే కదూ?" అన్నాడు మేస్త్రీ.

"మీదే. హాలుకి తాళం వేసే వేళకి ఒక్కటే వణుకుతూ కూర్చునేది. వదిలేసి వెళ్లబుద్ధి కాలేదు. సాయంత్రాలు నాదానితో పాటు ఎక్కించుకుని మోస్తున్నా."

"బరువు కాదా?"

"బరువే. అందుకేగా ఇప్పుడు ఎంత మేడైనా ఆయాసం లేకుండా ఎక్కుతున్నా! మీ వాటా బలం కూడా నాకే వచ్చేసింది మేస్త్రీ గారూ," అని పకపకా నవ్వింది.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. కొట్టు పోతుందని బెంగపడుతూనే, కొట్టును నిలబెట్టేదాన్ని తీసుకెళ్లి పరాయి మనిషి నెత్తిన పెట్టాడు.

"నాది నాకిచ్చెయ్యండి."

నొప్పి కదల్లేదు. ఆమె చెప్పుల దగ్గర ముడుచుకుంది.

"అలిగింది," అంది మీటరమ్మ. "నాతో పాటు మెట్లెక్కండి. అదే వస్తుంది."

రోజూ కొట్టు తెరిచేముందు మేస్త్రీ ఆమె వెంట మెట్లెక్కాడు. పళ్లు బిగబట్టాడుగానీ ఎవర్నీ తిట్టలేదు. నొప్పి కొన్నాళ్లు ఒక మెట్టు వెనకగా నడిచి, చివరికి అతని కాళ్లలోకి ఎక్కింది. ఆ తర్వాత ఏ సాయంత్రమూ దాన్ని వదిలి వెళ్లలేదు. నడుము పట్టెయ్యకుండా వంగింది, గీత తిన్నగా పడింది, పెళ్లికొడుకు కోటు వేళకు అందింది.

ఒక సాయంత్రం కసరత్తు ముగించి వచ్చేసరికి వాళ్లిద్దరి నొప్పులూ బల్ల మీద ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకే మూటలా కలిసిపోయి నిద్రపోతున్నాయి. ఏ కొస ఎవరిదో మేస్త్రీ చేతులకు కూడా తెలియలేదు.

"ఇప్పుడెలా?" అంది మీటరమ్మ.

"చెరో పక్కా పట్టుకుందాం. మీ ఇంటికా, మా ఇంటికా?"

ఆమె కాస్త ఆలోచించి, చెప్పులు వేసుకుంది.

"మెట్లు ఎక్కువున్న ఇంటికి."