అక్క ఎండబెట్టిన పెట్టె

రైలు నకానోలో ఆగకముందే తెప్పెయి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. యాభై ఆరేళ్ల మనిషి, పరీక్ష ఫలితాలు చూడబోయే కుర్రాడిలా మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు. పక్కన అక్క తొకియే మాత్రం నీలం గుడ్డ మూట ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి నిమ్మళంగా కూర్చుంది.

"కాస్త కుదురుగా ఉండరా. నువ్విలా ఊగితే పెట్టె మూల నలుగుతుంది," అంది.

మూటలో ఉన్నది రేకు మరమనిషి బొమ్మ, అట్టపెట్టెతో సహా. తాళం తిప్పితే నడిచే రకం. మొదటి జీతం అందుకున్న వారం, మూతపడుతున్న ఒక బొమ్మల కొట్లో తెప్పెయి దాన్ని కొన్నాడు. అప్పటికే అది పాతకాలం సరుకు, ఎవరూ కొనక పై అరలో మిగిలిపోయింది. ఆ తర్వాత కంపెనీ వాళ్లు నగోయాకు బదిలీ చేస్తే అక్కకు అప్పగించాడు. "తెరవకు, బొమ్మను బయటికి తియ్యకు. దీని ఖరీదంతా పెట్టెలోనే ఉంది. పెట్టె కొత్తగా ఉన్నంతకాలం ఏడు లక్షల యెన్లకు ఢోకా లేదు," అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

చెప్పింది ఎవరికి? అకబానెలో నలభై ఏళ్లుగా బట్టలు శుభ్రం చేసే కొట్టు నడుపుతున్న మనిషికి. తొకియే దాచమంటే ఊరికే దాచే రకం కాదు, సాకే రకం. వానాకాలం ముసురు వదలగానే పట్టుబట్టలతో పాటు ఆ పెట్టెను కూడా మేడ మీదికి మోసుకెళ్లేది. పట్టుబట్టలు నీడన ఆరేసేది, అట్టకు బూజు పడుతుందని పెట్టెను మాత్రం ఎండలో పెట్టేది. మూత వదులైనట్టు అనిపిస్తే టేపు అంటించింది. పురుగు పట్టకుండా మూత సందులోంచి కర్పూరం బిళ్లలు జారవిడిచింది.

పదిహేనేళ్ల క్రితం ఒకరోజు ఫోన్ చేసింది. "పెట్టె మీద టీ ఒలికిందిరా. కంగారు పడకు. నా మందు రాసి, మరక అనేదే లేకుండా తీసేశాను," అంది గర్వంగా.

కోటు మీద రక్తం మరకను వదిలించే మందు అట్ట మీది రంగును వదిలిపెడుతుందా? ఏడు లక్షలు ఆ పూటే పోయాయని తెప్పెయికి అర్థమైంది. అయినా, "భలే పని చేశావక్కా," అన్నాడు. అమ్మ పోయాక తనను పెంచి పెద్ద చేసిన మనిషితో ఇంకేమంటాడు? ఆ మాట పట్టుకుని ఆవిడ ప్రతి వేసవీ ఫోన్ చేసి, పెట్టెను ఎండకు పెట్టానని చెబుతూనే ఉంది. ఇతను ప్రతిసారీ భలే అంటూనే ఉన్నాడు.

ఈ నెలతో తొకియే కొట్టు మూసేస్తోంది. మూసేముందు ఆ బొమ్మను అమ్మించి, డబ్బు తమ్ముడి చేతిలో పెట్టి బరువు దించుకోవాలని పంతం పట్టింది. తెప్పెయికి డబ్బు మీద ఆశ ఏనాడో పోయింది. అక్క చేసిన సేవే పెట్టెను పాడుచేసిందన్న సంగతి ఆవిడ చెవిన పడకూడదు, అంతే. నిన్న పాత బొమ్మలు కొనే కొట్టు యజమాని వకిమొతోకు ఫోన్ చేసి బతిమాలుకున్నాడు. ఆ పెద్దమనిషి ఒక పట్టాన లొంగలేదు.

"లోపాలు చెప్పకుండా కొనడం మా దగ్గర లేదండీ."

"నోటితో చెప్పకండి చాలు. కాగితం మీద ఏమైనా రాసుకోండి. ధర కాలిక్యులేటర్ మీద చూపించండి."

"చదువుకుంటారు కదండీ ఆవిడ?"

"చదవకుండా నేను చూసుకుంటాను."

ఆ చూసుకోవడం ఏమిటంటే, పొద్దున అక్క కళ్లజోడు కాజేసి తన జేబులో వేసుకోవడం. రైల్లో అస్తమానం తడుముకున్నది దాన్నే. అది ఇంట్లో మరిచిపోయానని తొకియే తనను తానే తిట్టుకుంటూ వచ్చింది.

నకానో బజారు రెండో అంతస్తులో వకిమొతో కొట్టు. ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడోవాడికి చోటుండదు. ఆయన తెల్ల చేతొడుగులు వేసుకుని పెట్టెను మెత్తటి గుడ్డ మీద పెట్టాడు. చిన్న దీపం వెలిగించి ఒక్కో ముఖం తిప్పి చూడసాగాడు. ఎండ తగిలిన వైపు ఎరుపు కాస్తా ఉల్లిపొర రంగుకు వచ్చింది. టేపు పసుపు పచ్చగా మారి, అంచులు చిట్లి ఉంది. తెప్పెయి కాలు గాలిన పిల్లిలా గుమ్మానికీ బల్లకూ మధ్య తిరుగుతున్నాడు. వకిమొతో ఏదో అనబోయినప్పుడల్లా ఇతను అడ్డం పడి వాన సంగతో, రైళ్ల రద్దీ సంగతో ఎత్తుతున్నాడు.

"కుడివైపు కింద చూడండి," అంది తొకియే హుషారుగా. "అక్కడ ఇంత టీ మరక ఉండేది. ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం."

అక్కడ అట్ట మీది అచ్చు మెరుపంతా పోయి, నాణెమంత తెల్లటి మచ్చ తేలింది. వకిమొతో దాన్ని చాలాసేపు చూశాడు.

"మరకైతే లేదండీ," అన్నాడు చివరికి.

ఆయన కాలిక్యులేటర్ నొక్కాడు. రెండు చేతులతో దాన్ని వాళ్ల వైపు తిప్పి పెట్టి, తల కొద్దిగా వంచాడు. నలభై వేలు.

"ఏడు లక్షలక్కా," అన్నాడు తెప్పెయి. "మంచి ధరే ఇచ్చారు. బ్యాంకులో వేస్తారట. పద, ఆకలేస్తోంది."

తొకియే అంకె వైపు చూడలేదు. వకిమొతో చేతుల వైపు చూస్తోంది. అవింకా కాలిక్యులేటర్ అంచుల మీదే ఉన్నాయి.

"నా కొట్లో కోటు పాడైపోయిందనుకోండి," అంది మెల్లగా. "కట్టిచ్చే డబ్బు రాసిన చీటీ ఇలాగే రెండు చేతుల్తో తిప్పి పెడతాను. తల ఇలాగే వంచుతాను. నోరు విప్పను. నలభై ఏళ్లు చేశాను నేనీ పని. మీరిప్పుడు నోరు విప్పండి వకిమొతో గారూ."

వకిమొతో తెప్పెయి వైపు చూశాడు. తెప్పెయి తల దించుకున్నాడు. ఇక చేసేది లేక ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. ఎండకు రంగు పోయింది. టేపు తీస్తే అట్ట పైపొర ఊడొస్తుంది. కర్పూరం నూనె లోపలి అట్టకు పట్టింది. మందు రాసిన చోట అచ్చు పోయింది, అన్నిటికన్నా ఎక్కువ నష్టం అదే. తొకియే ప్రతిదానికీ తలూపుతూ వింది, పని తెలిసిన మనిషి ఇంకో పని తెలిసిన మనిషి మాట విన్నట్టు. చివరి మాటకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. అవమానం. ఊళ్లో వాళ్ల మరకలన్నీ తీసిన చెయ్యి అది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది తమ్ముడి వైపు తిరగకుండానే.

"నువ్వు ఫోన్ చేసినరోజే."

"పదిహేనేళ్లు."

"నీ మనసు కష్టపడుతుందని, అక్కా..."

"మోకాళ్లు పడిపోతున్నా మేడ మెట్లెక్కి మోశాను రా. భలే, భలే అన్నావు."

తెప్పెయి జేబులోంచి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, తమ్ముణ్ని చూసి, పెట్టుకుంది. తర్వాత పెట్టెను తన వైపు లాక్కుని టేపు పట్టుకుని పీకింది. అట్ట పైపొర చర్రున ఊడొచ్చింది. వకిమొతో అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా ఆ బొమ్మతో ఒకే కప్పు కింద కాపురమున్నా తొకియే దాన్ని చూడటం అదే మొదటిసారి. నీలం ఒళ్లు, ఎర్ర పాదాలు, గుండె మీద చిన్న గాజు కిటికీ. రేకు కొత్తగా తళతళలాడుతోంది. తాళం నాలుగు చుట్లు తిప్పి బల్ల మీద నిలబెట్టింది. అది గరగరమంటూ కాళ్లీడ్చుకుంటూ నడిచింది. గుండెలోని కిటికీలో ఎర్రటి నిప్పురవ్వలు గిర్రున తిరిగాయి.

బల్ల అంచు దాకా వచ్చిన బొమ్మను తొకియే రెండు చేతులా పట్టుకుంది. దాని కాళ్లు గాలిలో ఇంకా ఆడుతున్నాయి.

"అప్పుడే చెప్పి ఉంటే," అంది, "పదిహేనేళ్లూ దీంతో ఆడుకునేదాన్ని కదరా."