తిన్నని ముక్కు

ఓరెస్ట్ డెమ్‌చుక్ మంచు సాపు చేసే యంత్రం మీద కూర్చుని హాకీ ఆడే రింకులో చుట్లు తిరుగుతున్నాడు. వెనక వేడినీళ్లు పరుచుకుంటుంటే, గీతలు పడ్డ మంచు మళ్లీ అద్దంలా అవుతోంది. ఎడమకు ఒరిగిన ముక్కులోంచి ఊపిరి ఈల వేస్తోంది. సస్కాచెవాన్ చలికి ఎడంచేతి వేళ్లు ముడుచుకోవు. మోచేత్తోనే చక్రం తిప్పుతాడు.

రింకు కమిటీ పెద్ద మర్రే తలుపంత అట్ట మోసుకొచ్చాడు. ఓరెస్ట్ ఆడే రోజుల్లో అతని పేరున అచ్చయిన హాకీ ఆటగాళ్ల బొమ్మకార్డును పెద్దది చేయించాడట. సాయంత్రం మ్యాచ్‌కి ముందే గుమ్మం మీద తగిలించాలి.

కార్డు మీద పేరు ఓరెస్ట్‌ది, జెర్సీ ఓరెస్ట్‌ది. మొహం మాత్రం రే లషాన్స్‌ది. పెద్ద జట్టు ఓరెస్ట్‌ను చిన్న జట్టుకు దించేసిన రోజే, అతని బదులు వచ్చిన రేకి చేతికందిన ఆ జెర్సీనే తొడిగారు. కార్డుల కోసం ఫొటోగ్రాఫరు వచ్చిందీ ఆ రోజే. జెర్సీ మీది అంకెను బట్టి పేరు అచ్చేశారు. ఊరూరా జట్లు మారుతూ ఆడినవాడికి దక్కిన కార్డు అదొక్కటే. అది కూడా పోతుందేమోనని ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. కానీ ఇక రోజూ ఆ మొహం కిందనుంచే నడవాలి. ఆడింది తనేనని, తన మొహంతోనే ఈ ఊరికి గుర్తుండాలని ప్రాణం కొట్టుకుంది.

"మర్రే, ఆ బొమ్మలో ఉన్నది నేను కాదయ్యా."

మర్రే పగలబడి నవ్వాడు. "నా పెళ్లి ఫొటో చూసి నేనూ అదే అంటాను పెద్దాయనా! ముందు నిచ్చెన పట్టుకో."

ఓరెస్ట్ నిచ్చెన పట్టుకున్నాడు. ఇంకేం చేస్తాడు!

క్యాంటీన్ నడిపే ఐరీన్ కాఫీ అందిస్తూ అట్టనూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "నీ ముక్కు అంత తిన్నగా ఎప్పుడుండేది?"

"ఆడే రోజుల్లో ఎప్పుడూ లేదమ్మా. చిన్నప్పుడే మా అన్న హాకీ కర్ర తగిలి వంగింది. వాడు వేరేవాడు."

"ఆ మాట గట్టిగా చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నిచ్చెన పట్టుకోమన్నాడు."

సాయంత్రం రెండో విరామంలో మంచు సాపు చేసి, యంత్రాన్ని షెడ్డులోకి తోలాడు. ఆట మళ్లీ మొదలైంది. గీకిన మంచుపొడిని ఎప్పుడూ వెంటనే పెరట్లో కుమ్మరించే మనిషి. ఈసారి ఆ చప్పుడు వినబడక ఐరీన్ వెళ్లి చూసింది. చక్రం మీద మోచెయ్యి ఆనించి కూర్చునే ఉన్నాడు. ముక్కులో ఈల లేదు.

చర్చిలో శవపేటిక పక్కన మర్రే ఆ అట్టనే నిలబెట్టించాడు. రే మొహం ముందు ఊరంతా తల వంచుకుని నడిచింది. ఐరీన్ మాత్రం తల వంచలేదు.

అట్ట తిరిగి గుమ్మం ఎక్కకముందే, క్యాంటీన్ ధరలు రాసే నల్ల పెన్ను పట్టుకుని వచ్చింది. గీత కాస్త లావుగా పడింది. గుమ్మం మీద నవ్వుతున్న ఆ కుర్రాడి తిన్నని ముక్కు ఇప్పుడు ఎడమకు ఒరిగి ఉంది.