జోగమ్మ మొక్కు, నాస్తికుడి కాళ్లు

పెందుర్తి హేతువాద సంఘంలో సభ్యులు ఏడుగురు. సమావేశానికి వచ్చేది ముగ్గురు. ఆ మూడోవాడు కూడా కింద హోటల్లో పెసరట్టు బాగుంటుందని వచ్చేవాడు.

సంఘం కార్యదర్శి సన్యాసిరాజు. ఆ పేరు పెట్టుకుని నాస్తికత్వం బోధించడం ఎంత కష్టమో అతనికే తెలుసు. సబ్బవరం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు. ఇప్పుడు పోర్టులో లారీల కాటా దగ్గర సూపర్‌వైజరు. చదువుకున్నాక నలుగురికీ నిజం చెప్పడం తన బాధ్యత అనుకునేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు.

ఆ ఆషాఢంలో సంఘం ‘మితవాద భక్తులతో రాజీ వద్దు’ అని ఒక కరపత్రం వెయ్యాలనుకుంది.

“దొంగబాబాను ఎవడైనా తిడతాడయ్యా. అసలు ప్రమాదం మంచి భక్తుడు. టీకా వేయించుకుంటాడు, దిష్టీ తీయించుకుంటాడు. వాడి మంచితనం చూసి జనం దిష్టి కూడా మంచిదే అనుకుంటారు,” అన్నారు అధ్యక్షుడు అర్జునరావు మాస్టారు.

ఉదాహరణ కోసం సన్యాసిరాజు ఎక్కడా వెతకలేదు. అక్క ధనలక్ష్మి భర్త దేవీప్రసాద్ ఉన్నాడు. పెందుర్తి జంక్షన్లో జెరాక్సు, డీటీపీ షాపు ఆయనది. శనివారం ఉపవాసం, ఏడాదికి రెండుసార్లు రక్తదానం. రాహుకాలంలో షాపు తెరవడు. మరీ తొందరపడే మనిషి వస్తే షట్టరు సగం ఎత్తుతాడు. ‘అవసరాన్ని బట్టి శాస్త్రాన్ని వంచే మా బంధువు ఒకరు’ అని సన్యాసిరాజు రాశాడు. తెలుగు టైపింగు తప్పుల్లేకుండా చేసేదీ ఆయనే కాబట్టి, రాసింది తీసుకెళ్లి ఆయన చేతికే ఇచ్చాడు.

“ఈ బంధువు నానేనేటి బావా?” అన్నాడు దేవీప్రసాద్ టైపు చేస్తూ.

“అవును బావా.”

“మరి పేరెయ్యొచ్చు కదా. షాపుకి పబ్లిసిటీ వచ్చేది.”

పదకొండు అక్షరదోషాలు దిద్ది, రెండు వందల కాపీలు కట్టగట్టి ఇచ్చాడు. సమావేశంలో కట్ట విప్పితే ప్రతి కాగితం నెత్తిమీదా ‘శ్రీరామ’ అని ఉంది. శుభలేఖలకు పెట్టే అలవాటు కొద్దీ పెట్టేశాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అప్పటికీ ఉంది. ముగ్గురూ కత్తెరలు తెచ్చుకుని కత్తిరించడానికి కూర్చున్నారు.

అరవయ్యో కాగితం దగ్గర అక్క ఫోన్ చేసింది. “ఒరే, అమ్మ గిరిప్రదక్షిణకి ఎల్తానంటంది. సెప్పుల్లేకుండా!”

సన్యాసిరాజు కత్తెర పడేసి ఇంటికి పరుగెత్తాడు.

తల్లి జోగమ్మకు పన్నెండేళ్లుగా షుగరు. అరికాల్లో రూపాయి బిళ్లంత పుండు. రోజూ కట్టు కట్టించుకోవాలనీ, ఆ కాలు నేలకు ఆనిస్తే వేళ్లు తీసెయ్యాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. కిందటేడు కొడుక్కి డెంగ్యూ వచ్చినప్పుడు ఆమె సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. ఆషాఢ పున్నమికి కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్ల నడక చెల్లిస్తానని.

“అమ్మా, నన్ను బతికించింది ప్లేట్లెట్లే. ఎక్కించింది డాక్టరు.”

“ఆ డాక్టరుకి ఆ బుద్ధి పుట్టించిందెవులు?”

“కాలేజీ!”

“కాలేజీ కట్టించిందెవులు?”

సన్యాసిరాజుకు ఒళ్లు మండింది. “కొండ మీద ఉన్నది రాయే, అమ్మా!” అన్నాడు.

జోగమ్మ చెంపలు వేసుకుంది. “మొక్కు తీరేదాకా ఆ ఆస్పత్రి గుమ్మం తొక్కను. కట్టూ వద్దు, గిట్టూ వద్దు,” అని గోడవైపు తిరిగిపోయింది. పున్నమి ఇంకా రెండు రోజులుంది. కాలు అప్పటికే వాచింది.

వేరే దారి లేక బావను పిలిచాడు. దేవీప్రసాద్ అరటిపళ్లు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“అత్తా, నీ కాల్తోనే నడుత్తానని మొక్కేవేటి?”

“నడక సెల్లిత్తానని మొక్కేను.”

“అద్గదీ! కన్నకొడుకు నడిత్తే తల్లి నడిసినట్టే. మా ఊల్లో ముసిలోల్లందరికీ కొడుకులే నడుత్తారు.”

జోగమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. కొడుకు ముఖం ఆముదం తాగినట్టుంది. “ఈడా? ఈడు నడుత్తాడేటి?”

సన్యాసిరాజు బావను వీధిలోకి లాక్కెళ్లాడు. “శాస్త్రాన్ని కావలసినట్టు వంచుతారని నాను రాసింది ఇదే బావా!”

“వంచకపోతే మీ అమ్మ కాలు పోద్ది. నీ ఇష్టం.”

మాస్టారికి ఫోన్ చేశాడు. ఆయన ఉపాయం చెప్పారు. “చెప్పులేసుకుని నడువు. ఎవరైనా అడిగితే వ్యాయామం అను.” సన్యాసిరాజుకు అది కూడా వంచడం లాగే అనిపించింది. పైగా చెప్పులకు జోగమ్మ ఒప్పుకోలేదు. చివరికి తల్లి కాలు చూసి, ఉత్తకాళ్లతోనే నడవడానికి సిద్ధపడ్డాడు.

పున్నమి ముందురోజు మధ్యాహ్నం కొండ కింద తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర బావే కొబ్బరికాయ కొట్టి సాగనంపాడు. దారి పొడవునా మజ్జిగ ఇచ్చినవాళ్లు “గోవిందా” అంటే సన్యాసిరాజు “థాంక్సండీ” అన్నాడు. అప్పూఘర్ దగ్గర అందరితోపాటు సముద్రంలో దిగితే బొబ్బలు భగ్గుమన్నాయి. తెల్లారేసరికి కుంటుకుంటూ ఇల్లు చేరాడు. దేవీప్రసాద్ ముందే వచ్చి కూర్చున్నాడు.

“నడిసేవా?” అంది జోగమ్మ.

“నడిసేనమ్మా.”

“దారంతా గోయిందా అన్నావా?”

వెనక నుంచి బావ అవునని చెప్పమన్నట్టు తల గట్టిగా ఊపుతున్నాడు. సన్యాసిరాజు బావను చూడకుండా తల్లి వైపు తిరిగాడు. “అనలేదు.”

“ఒక్కపాలైనా అనలేదా?”

“మర్రిపాలెం కాడ ‘అమ్మా’ అన్నాను. గాజుపెంకు గుచ్చుకుంది.”

“అయితే సెల్లదు. నా సంచీ తే, నానే ఎల్తాను.” మంచం మీంచి పుండు కాలు కిందికి దింపబోయింది.

“ఆగత్తా!” దేవీప్రసాద్ అడ్డం వచ్చాడు. “నమ్మినోడు ఏదో వత్తాదని నడుత్తాడు. నమ్మనోడు నడిత్తే స్వామి దాన్ని రెండింతలు లెక్కేత్తాడు.”

“ఏ శాస్త్రంలో ఉంది బావా?” ఎంత ఆపుకుందామన్నా సన్యాసిరాజు నోటి నుంచి మాట జారిపోయింది.

దేవీప్రసాద్ అతని కాలు తొక్కాడు. బొబ్బ చితికింది. “బాబోయ్” అని అతను నేల మీద కూలబడ్డాడు.

జోగమ్మ కాలు గాల్లోనే ఆగింది. “నువ్వు సెప్పరా. అల్లుడు నా మంచికే అయినా అబద్ధం ఆడతాడు, నువ్వు ఆడవు. ఈయన మాట నమ్మొచ్చా?”

సన్యాసిరాజు తల్లి కాలు చూశాడు. నేలకూ దానికీ మధ్య జానెడు ఖాళీ.

“దేవుడి సంగతి నాకు తెల్దమ్మా. దేవుణ్ణి నమ్మినోళ్లలో బావకన్నా మంచోణ్ణి మాత్రం నాను సూడలేదు. ఆయన మాట మీదే ఇంత దూరం నడిసేను.”

“ఇది కరపత్రంలో ఎందుకు రాయలేదు బావా?” అన్నాడు దేవీప్రసాద్.

“నువ్వు నోర్ముయ్యి, బావా!”

జోగమ్మ అల్లుణ్ణి చూసింది, కొడుకు అరికాళ్లు చూసింది. కాలు మళ్లీ మంచం మీదికి తీసుకుంది. “ఆటోని పిలవండి,” అంది.

ఆస్పత్రి కట్లగదిలో తల్లీకొడుకులు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నర్సు ఆశాజ్యోతి దూది పట్టుకుని వచ్చింది.

“ముందు ఆడికి కట్టమ్మా. పెద్ద బక్తుడు,” అంది జోగమ్మ.

“కాదండీ, నేను...”

“పొద్దున్నుంచి నలభై మంది భక్తులకు కట్టానండీ. కాలు చాపండి.”

“ముందు అమ్మకి కట్టండి,” అన్నాడు సన్యాసిరాజు.

జోగమ్మ గొణుక్కుంటూనే పుండు కాలు ఎత్తి స్టూలు మీద పెట్టింది.