గుడి ముందు జత చెప్పులు

గుడి బొమ్మ గీస్తే దాని ముందు జత చెప్పులు గీయడం కుసుమకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బయట చెప్పులు లేని గుడి ఆమె కంటికి తలుపులు వేసేసిన గుడిలా ఉంటుంది. దేశం కాని దేశం వచ్చి, హారిస్ పార్క్‌లో మిఠాయి కొట్టు పైనున్న డిజైన్ ఆఫీసులో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఆ ఆఫీసుకి ఇంగ్లండు నుంచి ఒక పని వచ్చింది. అక్కడ రోమన్ల కాలం నాటి శిథిలాలున్నాయి. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం గుడి దగ్గర, స్నానశాల దగ్గర, రంగురాళ్లు పొదిగిన నేల దగ్గర బోర్డులు కావాలి. ముందు గుడి బోర్డు ఒక్కటి కుసుమ గీయాలి. నచ్చితే మిగతావన్నీ ఆమెవే, లేకపోతే పక్క సీట్లో బొమ్మలు గీసే దీక్షిత్‌వి. చేరి ఏడాదైనా ఆమె చేతికి సొంతంగా ఒక్క పనీ రాలేదు.

స్తంభాలు గీసింది, మెట్లు గీసింది. చెయ్యి ఊరుకోక చెప్పులూ గీసింది. ఎవరూ గమనించలేదు. అక్కడివాళ్లు దాన్ని అచ్చువేసి, గుడి ముందు నిలబెట్టి చూశారు.

ఒక సాయంత్రం ఆ శిథిలాల బాధ్యత చూసే జూడిత్ వీడియో కాల్ చేసింది. అక్కడ ఉదయం, సన్నగా వాన. ఫోను తిప్పి చూపించింది. గుడి బయట వరసగా బూట్లు. లోపల తడిగడ్డిలో పెద్దమనుషులు ప్యాంట్లు మడిచి, సాక్సులు చేత్తో పట్టుకుని మహా భక్తిగా నిలబడ్డారు.

ఆఫీసు యజమాని హేమచంద్ర గబగబా మైకు ఆపేశాడు. "కుసుమా, ఏంటమ్మా ఇది?"

"గుడి కదా అంకుల్."

"ఆఫీసులో అంకుల్ అనొద్దన్నానా? ఆ గుళ్లో దేవుడు లేక పదహారు వందల ఏళ్లయింది."

"ఉన్నప్పుడైనా చెప్పులతో వెళ్లుంటారా అంకుల్?"

"పనిలో పని, ప్రసాదం కౌంటర్‌కి కూడా ఒక బోర్డు గీసెయ్," అన్నాడు పక్క సీట్లోంచి దీక్షిత్.

కుసుమ పెన్సిలు పక్కన పెట్టేసింది. బోర్డులు దీక్షిత్‌కి పోయినట్టే అనుకుంది.

ఇంతలో తెర మీద జూడిత్ రంగురాళ్ల నేల దగ్గరికి నడిచింది. "దీని మీద బూట్లతో నడవొద్దని ఇంత పెద్ద బోర్డు రాయించాం. ఇన్నేళ్లలో ఒక్కరూ చదవలేదు. ఆ చెప్పుల బొమ్మ ఇక్కడికి మార్చండి. మిగతావి కూడా ఆ అమ్మాయే గీయాలి," అంది. తర్వాత కాస్త నసిగింది. "చిన్న ఇబ్బంది. ఒకాయన బూట్లు కనబడ్డం లేదు."

హేమచంద్ర తల పట్టుకున్నాడు. కుసుమ అప్పటికే రెండో బోర్డు మొదలుపెట్టింది. అందులో ఏం రాయాలో ఆలోచించే పనే లేదు, ఊళ్లో గుడి గోడ మీద అది చదువుతూనే పెరిగింది. మీ చెప్పులకు మీరే బాధ్యులు. ఇంగ్లీషులోకి మార్చాలి, అంతే.